చిన్న ఫ్లాట్‌లో టీవీకీ కంప్యూటర్‌కీ కలిపి ఒకే స్క్రీన్: కొలతల నుంచి కనెక్షన్ దాకా

విజయనగరంలో రింగ్ రోడ్డు చుట్టుపక్కలా, ధర్మపురి వైపూ లేచిన అపార్ట్‌మెంట్లలో రెండు బెడ్‌రూముల ఫ్లాట్ అంటే హాలు ఇంచుమించు ఇలా ఉంటుంది: ఒక గోడకు టీవీ యూనిట్, ఎదురుగా సోఫా, పక్కన డైనింగ్ టేబుల్, మిగిలిన చోట బాల్కనీ తలుపు. బెడ్‌రూముల్లో మంచం, బీరువా పడ్డాక కంప్యూటర్ టేబుల్‌కి చోటుండదు. ఇంట్లో ఒకరు ఇంటి నుంచే ఉద్యోగం చేస్తుంటారు, ఇంకొకరు గ్రూప్స్‌కో డీఎస్సీకో చదువుతుంటారు, పెద్దవాళ్లకి సాయంత్రమైతే సీరియళ్లు, వార్తలు కావాలి. ఒకే స్క్రీన్ కొని రెండు పనులూ నడిపించుకోవచ్చా అని అడిగేవాళ్లు అందుకే ఎక్కువయ్యారు.

నడిపించుకోవచ్చు. అయితే ఈ రెండు పనుల్లో కంప్యూటర్ పనే స్క్రీన్‌ని ఎక్కువ పరీక్షిస్తుంది. సినిమా, క్రికెట్ ఏ స్క్రీన్ మీదైనా కాస్త అటూ ఇటుగా బాగానే కనిపిస్తాయి. రెండడుగుల దూరంలో కూర్చుని రోజుకి ఎనిమిది గంటలు చదివే అక్షరం మాత్రం స్క్రీన్‌లో ఏ లోపమున్నా బయటపెట్టేస్తుంది. కాబట్టి అక్షరాల్ని చూసి ఎంచుకుని, టీవీ విషయంలో సర్దుకోమంటాను. టీవీగా నచ్చిందని కొనేసి తర్వాత దాంతో ఆఫీసు పని చేద్దామనుకున్నవాళ్లే నెల తిరక్కుండా తలనొప్పి అంటున్నారు.

1. ముందు ఇంట్లో టైమ్‌టేబుల్ వేయండి

ఒక కాగితం మీద ఉదయం నుంచి రాత్రి దాకా గంటలు వేసి, ఏ గంటలో ఎవరికి స్క్రీన్ కావాలో అందరినీ అడిగి రాయండి. ఉద్యోగం 10 నుంచి 6 దాకా, సీరియళ్లు ఆరున్నర తర్వాత అంటే ఏ గొడవా లేదు. మధ్యాహ్నం షిఫ్ట్ పడి రాత్రి 10 దాకా మీటింగులుంటే అసలు చిక్కు అక్కడే.

ల్యాప్‌టాప్ వాడేవాళ్లకి ఒక వెసులుబాటుంది. సీరియల్ టైమ్‌లో కేబుల్ తీసేసి బెడ్‌రూములోకి వెళ్లిపోవచ్చు. డెస్క్‌టాప్ వాళ్లకి ఆ దారి లేదు. డెస్క్‌టాప్ ఉండి, రోజూ గంటకు మించి ఇద్దరికీ ఒకేసారి స్క్రీన్ కావాల్సి వస్తోందంటే ఈ ఆలోచన ఇక్కడితో ఆపేయండి. ఆ డబ్బుతో మామూలు 32 అంగుళాల టీవీ ఒకటి, 24 అంగుళాల మానిటర్ ఒకటి తీసుకుంటే ఇంట్లో అందరూ సుఖంగా ఉంటారు. 24 అంగుళాల మానిటర్ వెడల్పు 21 అంగుళాలే, ఏ మూలనైనా పడుతుంది.

2. టేపు తీసి రెండు దూరాలు కొలవండి

మొదటిది, పని చేసేటప్పుడు కళ్ల నుంచి స్క్రీన్‌కి ఉండే దూరం. కుర్చీలో మామూలుగా కూర్చుని ఇంకొకరిని కొలవమనండి. మనమే కొలుచుకుంటే తెలియకుండానే ముందుకో వెనక్కో వంగుతాం. రెండోది, సోఫాలోనో దివాన్ మీదో కూర్చున్నవాళ్ల కళ్ల నుంచి ఉండే దూరం. మన హాళ్లలో ఇది ఏడు నుంచి తొమ్మిది అడుగులు వస్తుంది. సింగిల్ రూమ్ పోర్షన్‌లో మంచం మీద నుంచి అయితే నాలుగైదు అడుగులే.

దీంతోపాటు టేబుల్ లోతు, అంటే గోడ నుంచి మన వైపు ఉన్న కొలత కూడా రాసుకోండి. రెడీమేడ్ కంప్యూటర్ టేబుళ్లు చాలావరకు 18 నుంచి 24 అంగుళాల లోపే ఉంటాయి. ఈ ఒక్క కొలత చూసుకోకపోవడం వల్లే పెద్ద స్క్రీన్లు తెచ్చుకున్నవాళ్లు ఇబ్బంది పడుతున్నారు. కిటికీ ఎటు ఉందో కూడా గమనించండి. పడమటి కిటికీకి ఎదురుగా స్క్రీన్ పెడితే మధ్యాహ్నం మూడు దాటాక స్క్రీన్ మీద మన ముఖమే కనిపిస్తుంది. కిటికీ పక్కకి వచ్చేలా పెట్టుకోవడం మంచిది.

3. అంగుళాలతోపాటు చుక్కలు లెక్కపెట్టండి

స్క్రీన్ మీద బొమ్మంతా చిన్న చిన్న చుక్కలతో, అంటే పిక్సెళ్లతో తయారవుతుంది. సైజు పెరిగి చుక్కల సంఖ్య పెరగకపోతే ఒక్కో చుక్క లావెక్కుతుంది, అక్షరం అంచులు పళ్లు పళ్లుగా కనిపిస్తాయి. చూపు మామూలుగా ఉన్న మనిషికి ఈ చుక్కలు విడివిడిగా కనిపించకుండా పోవాలంటే కొంత దూరం కావాలి. లెక్క వేస్తే ఆ దూరాలు ఇలా వస్తాయి:

- 32 అంగుళాల హెచ్‌డీ రెడీ టీవీ (1366×768): ఇంచుమించు 6 అడుగులు
- 43 అంగుళాల ఫుల్ హెచ్‌డీ (1920×1080): ఐదున్నర అడుగులు దాటి
- 32 అంగుళాల ఫుల్ హెచ్‌డీ: 4 అడుగులు
- 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ: 3 అడుగులు
- 43 అంగుళాల 4కె (3840×2160): 3 అడుగుల లోపే
- 27 అంగుళాల క్యూహెచ్‌డీ (2560×1440): రెండున్నర అడుగులకు కొంచెం పైన
- 32 అంగుళాల 4కె: 2 అడుగులు

ఈ దూరాలు పెట్టుకుని మీ టేబుల్ దగ్గరి కొలత చూడండి. రెండున్నర అడుగుల దూరంలో కూర్చునేవాళ్లకి జాబితాలో మొదటి మూడూ పనికిరావు. మన ఊళ్లలో ఎక్కువగా అమ్ముడయ్యే 32 అంగుళాల టీవీల్లో చాలావరకు హెచ్‌డీ రెడీవే. సోఫాలోంచి చూడటానికి అవి భేషుగ్గా ఉంటాయి. కంప్యూటర్ తగిలిస్తే మాత్రం ఎక్సెల్ షీట్‌లో ఒకేసారి తక్కువ కాలమ్‌లే పడతాయి, కింద వత్తులున్న తెలుగు అక్షరాలు మసకబారతాయి. డబ్బాల మీద హెచ్‌డీ, ఫుల్ హెచ్‌డీ అని ఒకే రకం అక్షరాల్లో ఉంటుంది కాబట్టి పేరు నమ్ముకోకుండా 1366 ఉందా, 1920 ఉందా, 3840 ఉందా అని అంకెలు చూడండి.

సోఫా వైపు లెక్క వేరు. సినిమా చూసే అనుభూతి రావాలంటే స్క్రీన్ ఐమూల కొలతకు 1.6 రెట్ల దూరంలో కూర్చోవాలన్నది చాలాకాలంగా వాడుకలో ఉన్న కొలమానం. 43 అంగుళాలకి అది దాదాపు 6 అడుగులు, 27 అంగుళాలకి మూడున్నర అడుగులు. ఎనిమిది అడుగుల దూరం నుంచి 43 అంగుళాల టీవీని ఇబ్బంది లేకుండా చూస్తాం. అదే దూరం నుంచి 27 అంగుళాల మానిటర్‌లో బొమ్మ తెలుస్తుంది కానీ, న్యూస్ ఛానల్‌లో కింద పరిగెత్తే స్క్రోలింగ్, క్రికెట్ స్కోరు చదవడం అరవై దాటినవాళ్లకి కష్టం.

4. టీవీనా, మానిటరా, స్మార్ట్ మానిటరా

ఇక్కడ తొందరపడకండి. మూడింటిలో ఒక్కోదానిదీ ఒక్కో లోటు.

టీవీకి రిమోట్ ఉంటుంది, స్పీకర్లుంటాయి, యాప్‌లుంటాయి, సెటాప్ బాక్స్ తగిలించుకోవడం తేలిక. ఇంట్లో పెద్దవాళ్లున్నప్పుడు ఇది చిన్న విషయం కాదు. మామ్మగారు మధ్యాహ్నం ఒక్కరే ఇంట్లో ఉన్నప్పుడు రిమోట్‌లో ఒక్క బటన్ నొక్కి తన ఛానల్‌కి వెళ్లగలగాలి. స్క్రీన్ వెనక చెయ్యి పెట్టి చిన్న బుడిపె తడుముకుంటూ ఇన్‌పుట్ మార్చమని ఆవిడకి చెప్పలేం. టీవీలో లోటల్లా కంప్యూటర్ వైపు. కంప్యూటర్ నిద్రపోతే టీవీ తనంతట తాను నిద్రపోదు, సిగ్నల్ లేదని చూపిస్తూ కూర్చుంటుంది. కంప్యూటర్ లేచినా టీవీ లేవదు, మళ్లీ రిమోట్ పట్టుకోవాలి. ఎత్తు సర్దుకునే స్టాండ్ ఉండదు. కొన్ని మోడళ్లలో రంగు అక్షరాలు అలుక్కుపోతాయి, దాని సంగతి తర్వాత చెబుతాను.

మానిటర్‌లో అక్షరం స్పష్టంగా ఉంటుంది, ఎత్తు, వంపు మార్చుకోవచ్చు, కరెంటు తక్కువ తింటుంది. కానీ చాలా మోడళ్లకి రిమోట్ లేదు, స్పీకర్లు ఉండవు, ఉన్నా వాటి శబ్దం ఫ్యాన్ చప్పుడులో కలిసిపోతుంది. యాప్‌లు కావాలంటే ఫైర్ టీవీ స్టిక్ లాంటిది విడిగా పెట్టుకోవాలి. ఆ స్టిక్‌కి రిమోట్ ఉంటుంది కాబట్టి ఒంటరిగా ఉండేవాళ్లకీ, కుర్ర జంటలకీ ఇది చాలు.

స్మార్ట్ మానిటర్ ఈ రెండింటికీ మధ్యలోది. సామ్‌సంగ్, ఎల్‌జీ ఇద్దరూ అమ్ముతున్నారు. మానిటర్ లాంటి స్క్రీన్, దాంట్లోనే యాప్‌లు, రిమోట్, చిన్న స్పీకర్లు. కంప్యూటర్ ఆన్ చేయకుండానే ఈటీవీ విన్, ఆహా, జియో హాట్‌స్టార్ లాంటివి చూడొచ్చు. మీకు కావాల్సిన యాప్ ఆ మోడల్‌లో ఉందో లేదో షాపులోనే తెరిచి చూడండి. అదే సైజు మామూలు టీవీ కన్నా ధర ఎక్కువ అనిపిస్తుంది. 32 అంగుళాల్లో 4కె కావాలంటే టీవీల్లో దొరకడం అరుదు కాబట్టి ఆ సైజులో ఇదే దారి.

నన్ను అడిగితే ఇలా చెబుతాను. సింగిల్ రూమ్‌లో ఒకరో ఇద్దరో ఉంటూ మంచం మీద నుంచి చూసేవాళ్లకి 27 అంగుళాల క్యూహెచ్‌డీ మానిటర్, దానికో స్టిక్. సోఫా ఐదారు అడుగుల లోపు ఉన్న చిన్న హాలుకి 32 అంగుళాల 4కె స్మార్ట్ మానిటర్. ఇంట్లో పెద్దవాళ్లు ఉండి, సోఫా ఎనిమిది అడుగులుంటే 43 అంగుళాల 4కె టీవీ. ఈ మూడోదానికి ఒక షరతుంది. కళ్లకీ స్క్రీన్‌కీ మధ్య కనీసం రెండున్నర నుంచి మూడడుగులు దొరకాలి. 43 అంగుళాల స్క్రీన్ వెడల్పు దాదాపు 37 అంగుళాలు. అంతకన్నా దగ్గరగా కూర్చుంటే మూలల్లో ఉన్నది చూడ్డానికి మెడ తిప్పాల్సి వస్తుంది, సాయంత్రానికి మెడ పట్టేస్తుంది. 50, 55 అంగుళాలవి కంప్యూటర్ పనికి టేబుల్ మీద పెట్టుకోమని నేను ఎవరికీ చెప్పను.

ఓఎల్‌ఈడీ స్క్రీన్లు చూడ్డానికి అద్భుతంగా ఉంటాయి, కానీ కదలని బొమ్మ రోజుల తరబడి ఒకేచోట ఉంటే దాని మచ్చ నిలిచిపోయే ప్రమాదం ఉంది. పగలంతా విండోస్ టాస్క్‌బార్, సాయంత్రమంతా ఛానల్ లోగో కనిపించే ఇంట్లో దాని జోలికి పోకపోవడమే మేలు. మామూలు ఎల్‌ఈడీ స్క్రీన్లలో ఐపీఎస్, వీఏ అని రెండు రకాల ప్యానెళ్లు. వీఏలో నలుపు బాగా చిక్కగా ఉంటుంది, పక్క నుంచి చూస్తే రంగులు వెలిసినట్టు అవుతాయి. ఐపీఎస్ పక్క నుంచి కూడా బాగుంటుంది. హాల్లో సోఫా ఒకవైపు, టేబుల్ ఇంకోవైపు ఉండే మన ఇళ్లకి ఐపీఎస్ నయం.

5. షాపులో ఎలా పరీక్షించాలి

గంటస్తంభం దగ్గర చిన్న షాపైనా, పెద్ద షోరూమైనా సంభాషణ ఇలాగే సాగుతుంది.

"బాబూ, దీనికి కంప్యూటర్ పెట్టుకోవచ్చా?"

"ఎందుకు పెట్టుకోకూడదు సార్, హెచ్‌డీఎంఐ ఉంది కదండీ."

ఆ జవాబులో అబద్ధం లేదు. కానీ కనెక్షన్ కుదరడం వేరు, రోజంతా చదవగలగడం వేరు. అందుకే మీ ల్యాప్‌టాప్, మీ హెచ్‌డీఎంఐ కేబుల్ మీరే తీసుకెళ్లండి. పండగ ఆఫర్ల రద్దీలో ఎవరూ మీకు టీవీ విప్పి చూపించరు. దసరా వెళ్లిన మంగళవారం పైడితల్లమ్మ సిరిమానోత్సవం కదా, ఆ రోజుల్లో ఊరి నడిబొడ్డున అడుగు పెట్టడమే కష్టం. ఆఫర్ అప్పుడు తీసుకున్నా పరీక్ష మాత్రం అంతకుముందే, ఏ బుధవారమో గురువారమో ఉదయం షాపు తెరవగానే వెళ్లి చేసుకోండి.

ఇంటి దగ్గరే ఒక వర్డ్ ఫైల్ తయారుచేసి పెట్టుకోండి. మామూలుగా మీరు వాడే సైజులో, 11 లేదా 12లో ఈ మాటలు టైప్ చేయండి: రాష్ట్రం, శాస్త్రం, లక్ష్మి, వైశిష్ట్యం, శ్రీకాకుళం, కృష్ణాష్టమి. ఒక పేరా తెల్ల పేజీ మీద నల్ల అక్షరాలతో. దాని కిందే నల్లటి బాక్సులో ఎర్ర అక్షరాలతో అవే మాటలు. ఇంకో బాక్సులో నీలం మీద ఎరుపు.

షాపులో కేబుల్ తగిలించి, మీ ఇంట్లో కొలుచుకున్న దూరంలోనే కుర్చీ వేసుకుని కూర్చోండి. నిలబడి చూడొద్దు. ముందు 'రాష్ట్రం'లో ష కింద ఉన్న రెండు వత్తులు చూడండి. ట వత్తు, దాని పక్కనున్న క్రావడి విడివిడిగా తెలియాలి. రెండూ కలిసి ఒక ముద్దలా కనిపిస్తే చుక్కలు చాలవన్నమాట. 'వైశిష్ట్యం'లో య వత్తు కొస కూడా తేటగా ఉండాలి. తర్వాత ఎర్ర అక్షరాలకి రండి. నలుపు మీద ఎరుపు తేటగా కాకుండా అంచుల్లో అలుక్కుపోయినట్టు, నీరు పడ్డ సిరాలా కనిపిస్తే ఆ టీవీ రంగుల సమాచారాన్ని కుదించి చూపిస్తోందని అర్థం. సాంకేతికంగా దీన్ని 4:2:0 అంటారు. పక్కపక్కనున్న నాలుగు చుక్కలకి కలిపి ఒకే రంగు పంచుతుంది. సినిమాలో ఇది కంటికి తెలియదు, సన్నటి రంగు అక్షరంలో వెంటనే తెలిసిపోతుంది. కంప్యూటర్ పనికి కావాల్సింది 4:4:4, అంటే ప్రతి చుక్కకీ దాని రంగు దానికే.

అలుక్కుపోయిందని వెంటనే వద్దనకండి. ముందు టీవీ మెనూలో ఆ ఇన్‌పుట్‌కి 'పీసీ' అని పేరు మార్చమనండి. ఎల్‌జీ, సామ్‌సంగ్ టీవీల్లో ఇలా చేస్తే టీవీ కంప్యూటర్‌కి తగ్గట్టు మారుతుంది. సోనీలో పిక్చర్ మోడ్ 'గ్రాఫిక్స్' అని పెట్టాలి. చాలాసార్లు దీంతోనే అక్షరం తేటపడుతుంది. అప్పటికీ మారకపోతే ఆ మోడల్ వదిలేయండి.

ఆ తర్వాత మౌస్ కదిపి చూడండి. చెయ్యి కదిలాక బాణం గుర్తు ఆలస్యంగా వెనక వస్తున్నట్టు అనిపిస్తే గేమ్ మోడ్ ఆన్ చేయించండి. చివరగా స్క్రీన్ నాలుగు మూలలూ చూడండి. టాస్క్‌బార్ సగం కోసుకుపోయి కనిపిస్తే టీవీ బొమ్మని కాస్త పెంచి చూపిస్తోందన్నమాట. ఎల్‌జీలో 'జస్ట్ స్కాన్', సామ్‌సంగ్‌లో 'ఫిట్ టు స్క్రీన్' లాంటి పేరుతో దీన్ని ఆపే సెట్టింగ్ ఉంటుంది.

6. పోర్ట్, కేబుల్

4కె టీవీ కొన్నాక బాణం గుర్తు ఎగిరెగిరి కదులుతోందని చాలామంది టీవీని తిడతారు. కారణం ఎక్కువసార్లు ల్యాప్‌టాప్‌లోనే ఉంటుంది. హెచ్‌డీఎంఐ 1.4 పోర్ట్ 4కె బొమ్మని సెకనుకి 30 సార్లే పంపగలదు. హెచ్‌డీఎంఐ 2.0 అయితే 60 సార్లు పంపుతుంది. పని చేసుకోవడానికి 60 కావాల్సిందే. నాలుగైదేళ్లకు ముందు కొన్న మామూలు ల్యాప్‌టాప్‌లలో 1.4 పోర్ట్‌లు చాలా ఉన్నాయి, కొనేముందే మీ మోడల్ వివరాలు చూసుకోండి. మీది అలాంటిదై, టైప్-సి పోర్ట్‌లోంచి వీడియో బయటికి వచ్చే సౌకర్యం ఉంటే, టైప్-సి నుంచి హెచ్‌డీఎంఐ 2.0కి మార్చే అడాప్టర్‌తో గట్టెక్కొచ్చు. అన్ని టైప్-సి పోర్ట్‌ల్లోంచి వీడియో రాదు, కొన్ని ఛార్జింగ్‌కీ డేటాకీ మాత్రమే. ఏ దారీ లేకపోతే 4కె మీద డబ్బు పెట్టకుండా క్యూహెచ్‌డీ మానిటర్ వైపు వెళ్లండి, పాత పోర్ట్ దానికి సరిపోతుంది.

కేబుల్ కొనేటప్పుడు డబ్బా మీద 18 జీబీపీఎస్ లేదా ప్రీమియం హై స్పీడ్ అని ఉండాలి. బంగారు పూత అని ఎక్కువ ధర చెబితే పట్టించుకోనక్కర్లేదు.

7. ఇంట్లో సెట్టింగ్‌లు

టీవీ డబ్బాలోంచి తీసినప్పుడు షాపు వెలుతురుకి తగ్గట్టు కళ్లు మిరుమిట్లు గొలిపేలా ఉంటుంది. తెల్ల పేజీ తెరిచి, పక్కన ఒక తెల్ల కాగితం పట్టుకుని, రెండూ ఒకే వెలుగులో కనిపించేదాకా బ్యాక్‌లైట్ తగ్గించండి. షార్ప్‌నెస్ ఎక్కువుంటే అక్షరాల చుట్టూ తెల్లటి గీత కనిపిస్తుంది, అది పోయేదాకా తగ్గించండి. బొమ్మని నునుపుగా చేసే మోషన్ సెట్టింగ్‌లన్నీ కంప్యూటర్ ఇన్‌పుట్‌కి ఆపేయండి.

టీవీలో ఆ హెచ్‌డీఎంఐ పోర్ట్‌కి పూర్తి సామర్థ్యం ఇచ్చే సెట్టింగ్ ఒకటి ఉంటుంది. సామ్‌సంగ్‌లో 'ఇన్‌పుట్ సిగ్నల్ ప్లస్', ఎల్‌జీలో 'అల్ట్రా హెచ్‌డీ డీప్ కలర్', సోనీలో 'ఎన్‌హాన్స్‌డ్ ఫార్మాట్'. అది ఆన్ చేయకపోతే అన్నీ సరిగ్గా ఉన్నా 30 దగ్గరే ఆగిపోవచ్చు. తర్వాత విండోస్‌లో డిస్‌ప్లే సెట్టింగ్‌లకి వెళ్లి రిఫ్రెష్ రేట్ 60 హెర్ట్జ్, అంటే సెకనుకి 60 సార్లు, ఉందో లేదో చూసుకోండి. స్కేలింగ్, అంటే అక్షరాల్నీ బొమ్మల్నీ పెద్దవి చేసి చూపించే సెట్టింగ్, 43 అంగుళాల 4కెకి 100 లేదా 125 శాతం, 32 అంగుళాల 4కెకి 150 శాతం సౌకర్యంగా ఉంటుంది. ఆ తర్వాత 'క్లియర్‌టైప్' అని వెతికి, అది చూపించే నమూనాల్లో మీ కంటికి తేటగా ఉన్నవి ఎంచుకోండి. కొన్ని టీవీల్లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం చుక్కల వరుస మానిటర్లకి తలకిందులుగా ఉంటుంది, అక్షరం అంచున రంగు కనిపిస్తుంటే ఇది సరిచేస్తుంది. ల్యాప్‌టాప్ స్క్రీన్ ఆపి పెద్ద స్క్రీన్ ఒక్కటే వాడాలంటే విండోస్ బటన్‌తో పాటు పి నొక్కి 'సెకండ్ స్క్రీన్ ఓన్లీ' ఎంచుకోవాలి.

8. సెటాప్ బాక్స్, సౌండ్

ఏపీ ఫైబర్‌నెట్ బాక్స్ అయినా, డిష్ బాక్స్ అయినా హెచ్‌డీఎంఐ ఉంటే మానిటర్‌కి నేరుగా తగులుతుంది. ఎరుపు, తెలుపు, పసుపు వైర్లు మాత్రమే ఉన్న పాత బాక్స్‌ని మానిటర్‌కి నేరుగా పెట్టలేం. బాక్స్ మార్చుకోవాలి, లేదా టీవీయే తీసుకోవాలి. మానిటర్‌కి కంప్యూటర్, సెటాప్ బాక్స్, స్టిక్ మూడూ పెట్టాలంటే పోర్ట్‌లు ఎన్ని ఉన్నాయో లెక్క చూసుకోండి. చాలకపోతే హెచ్‌డీఎంఐ స్విచ్ అని చిన్న డబ్బా దొరుకుతుంది. రిమోట్ ఉన్నదే కొనండి.

శబ్దం హెచ్‌డీఎంఐ ద్వారానే మానిటర్‌లోకి వస్తుంది. మానిటర్ వెనక హెడ్‌ఫోన్ జాక్ ఉంటే అక్కడ స్పీకర్లు పెట్టేస్తే కంప్యూటర్ శబ్దమూ సీరియల్ శబ్దమూ ఒకే స్పీకర్లోంచి వస్తాయి. ఆ జాక్ లేని మానిటర్ టీవీ పనికి కొనొద్దు. టీవీ తీసుకున్నవాళ్లు సౌండ్‌బార్ కొంటే ఏఆర్‌సీ అని రాసి ఉన్న హెచ్‌డీఎంఐ పోర్ట్‌కే తగిలించాలి, టీవీ శబ్దం బయటికి వచ్చేది దాంట్లోంచే.

9. ఎక్కడ, ఎంత ఎత్తులో

మన హాళ్లలో టీవీని తలెత్తి చూసేంత ఎత్తున బిగించడం అలవాటు. కంప్యూటర్‌కి కూడా వాడే స్క్రీన్ విషయంలో అది కుదరదు. కుర్చీలో కూర్చున్నప్పుడు స్క్రీన్ పైఅంచు కంటిమట్టానికి దగ్గరలో ఉండాలి. 43 అంగుళాల టీవీని దాని కాళ్ల మీదే టేబుల్ పైన నిలబెడితే పైఅంచు కంటిమట్టం దాటిపోతుంది. దాని కాళ్లు కూడా రెండు చివర్లకీ ఉంటాయి, చిన్న టేబుల్ మీద నిలబడవు.

నాకు నచ్చిన ఏర్పాటు ఇది. టీవీని గోడకే బిగించండి, కింది అంచు టేబుల్ మట్టం కన్నా రెండు మూడు అంగుళాలు కిందకి ఉండేలా. టేబుల్‌ని గోడకి ఆనించకుండా అడుగు ముందుకి జరపండి. 20 అంగుళాల టేబుల్‌తోనే మూడడుగుల దూరం వస్తుంది. సాయంత్రం టేబుల్‌ని పక్కకి నెట్టేయడానికి వీలుగా చక్రాలున్నదైతే ఇంకా హాయి. సోఫా ఒకవైపు, టేబుల్ ఇంకోవైపు ఉంటే ముందుకి లాగి తిప్పుకునే బ్రాకెట్ వేయించండి.

బ్రాకెట్ వేయించేముందు గోడ ఏదో కనుక్కోండి. గదుల మధ్య గోడలు చాలాచోట్ల నాలుగున్నర అంగుళాలవే. తేలికపాటి బ్లాకులతో కట్టిన గోడకి మామూలు ప్లగ్ నిలవదు, దాని కోసం వేరే రకం యాంకర్లు వస్తాయి. బ్రాకెట్‌ని ముందుకి లాగినప్పుడు బరువు గోడని లాగుతుంది కాబట్టి టీవీ బరువుకి రెట్టింపు మోయగలిగినదే తీసుకోండి. స్క్రీన్ వెనక స్క్రూ రంధ్రాల మధ్య దూరం మానిటర్లకి ఎక్కువగా 100×100 మిల్లీమీటర్లు, 43 అంగుళాల టీవీలకి ఎక్కువగా 200×200. ఓనరు గోడకి రంధ్రం వద్దంటే టేబుల్ అంచుకి బిగించే మానిటర్ ఆర్మ్ ఉంది. అది 27 అంగుళాల మానిటర్‌కి బాగా సరిపోతుంది.

10. కరెంటు, పిడుగులు, తుఫాన్లు

ఇన్వర్టర్ మీద పెట్టాలనుకుంటే వాట్లు చూడండి. 27 అంగుళాల మానిటర్ 25 నుంచి 40 వాట్లు, 43 అంగుళాల 4కె టీవీ 80 నుంచి 120 వాట్లు వాడుతుంది. మామూలు సీలింగ్ ఫ్యాన్ 75 వాట్లు. కోతల టైమ్‌లో పని ఆగకూడని ఉద్యోగమైతే ఈ తేడా బ్యాటరీలో బాగా తెలుస్తుంది.

ఇప్పటి టీవీలు, మానిటర్లు చాలావరకు 100 నుంచి 240 వోల్టుల దాకా తట్టుకుంటాయి కాబట్టి స్టెబిలైజర్ కన్నా సరైన ఎర్తింగ్, కరెంటు ఒక్కసారిగా ఎగసినప్పుడు కాపాడే సర్జ్ ప్రొటెక్టర్ ముఖ్యం. ఎర్త్ లేని ప్లగ్‌లో సర్జ్ ప్రొటెక్టర్ పెట్టినా ప్రయోజనం తక్కువ. ఎండాకాలం చివర్లో ఉరుములు మొదలైతే ప్లగ్‌తో పాటు డిష్ వైరు కూడా పీకేయండి, పిడుగు దెబ్బ ఆ వైరు గుండా కూడా వస్తుంది. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ చూసినవాళ్లం మనం. తుఫాను తర్వాత కరెంటు మొదట వచ్చినప్పుడు వస్తూ పోతూ ఉంటుంది. నిలకడగా అరగంట ఉన్నాకే స్క్రీన్ ప్లగ్ పెట్టండి.

11. ధర, వారంటీ, డెలివరీ రోజు

2025 సెప్టెంబర్ 22 నుంచి 32 అంగుళాలు మించిన టీవీలు, మానిటర్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. 32, అంతకన్నా చిన్నవాటికి ముందునుంచే 18 శాతం. పన్ను ఎక్కువని 43 అంగుళాలు మానుకునే కారణం ఇప్పుడు లేదు.

వారంటీ మానిటర్లకి ఎక్కువగా 3 సంవత్సరాలు, టీవీలకి ఎక్కువగా 1 సంవత్సరం ఉంటుంది. టీవీని రోజుకి పదమూడు, పద్నాలుగు గంటలు వాడబోతున్నాం కాబట్టి ప్యానెల్‌కి వారంటీ పొడిగింపు దొరికితే తీసుకోవడం సబబే. సర్వీస్ మనిషి విజయనగరంలోనే ఉన్నాడా, విశాఖ నుంచి రావాలా అన్నది కొనేముందే కంపెనీ కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి మీ పిన్‌కోడ్ చెప్పి అడగండి. షాపువాళ్ల మాట మీద వదిలేయకండి.

ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటే డబ్బా విప్పడం మొదటి నుంచి చివరిదాకా ఫోన్‌లో వీడియో తీయండి. ఆన్ చేయగానే స్క్రీన్ మొత్తం వరసగా తెలుపు, నలుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం బొమ్మలు పెట్టి చచ్చిన చుక్కలు, అంచుల్లో వెలుగు కారడం ఉన్నాయేమో చూడండి. షాపులో చేసిన అక్షరాల పరీక్ష ఇంట్లో మీ టేబుల్ దగ్గర మళ్లీ చేయండి. రిటర్న్ గడువు పూర్తయ్యేదాకా డబ్బా, థర్మాకోల్ పారేయకుండా మంచం కిందో అటక మీదో పెట్టండి. అవి లేకపోతే వెనక్కి తీసుకోం అనేవాళ్లే ఎక్కువ.